గేటు దాటగానే పరుగెత్తమనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య వేసవి ప్రయాణాల పేజీలో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ గురించి రాశారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు పనికొచ్చేలా ఉందే అనుకుంటూ చదవడం మొదలుపెట్టాను. మూడో పేరాలో కళ్లజోడు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. లోపలికి వెళ్లగానే ఎదురయ్యే మెయిన్ స్ట్రీట్ అనే పాతకాలపు వీధిలో దుకాణాలు తప్ప చూడవలసిందేమీ లేదని, అక్కడ ఆగకుండా నేరుగా కోట వైపు నడిస్తే గంట కలిసి వస్తుందని మీ విలేఖరి సలహా ఇచ్చారు. కిందటి ఏడాది ఏప్రిల్‌లో నేను ఆ వీధిలోనే ఉదయం తొమ్మిది నుంచి దీపాలు పెట్టే వేళ వరకు ఉన్నాను. మధ్యలో ఒక్కసారి రైలెక్కి పార్కు చుట్టూ తిరిగి వచ్చాను, అంతే. కనుక ఆ వీధి తరఫున నాలుగు మాటలు చెప్పుకునే హక్కు నాకుందని భావిస్తున్నాను.

ముందు నా సంగతి. మాది టెక్కలి. రైల్వేలో ముప్పై ఆరేళ్లు పనిచేసి స్టేషన్ మాస్టరుగా దిగిపోయాను. ఉద్యోగమంతా వాల్తేరు డివిజన్‌లోనే. ఆ పార్కు కట్టించిన డిస్నీ గారి పేరు వాల్ట్ అని తెలిశాక ఇదేదో మనవాడి వ్యవహారమేనని ఇంట్లో హాస్యానికి అన్నాను, ఎవరూ నవ్వలేదు. నడుము దగ్గర డిస్కు జారి ఉంది కనుక కుదుపులు వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కుదుపులు లేకపోతే ఆ పార్కులో పిల్లలకు పని లేదు. మా అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ల మనవడు లోపలి రైడ్ల మీద పడ్డారు. నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా, ఫోను చేతికిచ్చి, "నాన్నా, ఇక్కడి నుంచి కదలకండి" అని చెప్పి వెళ్లారు. టికెట్ ధరను రూపాయల్లోకి మార్చి లెక్క వేయవద్దని మా అమ్మాయి ముందురోజే మాట తీసుకుంది. మాట ఇచ్చాను, లెక్క కూడా వేశాను. అంత డబ్బు పోసి బెంచీ మీద కూర్చోవడమా అని మొదటి పావుగంట మనసు పీకింది.

తర్వాత కళ్లెత్తి చూస్తే ఎదురుగా రైల్వే స్టేషను.

ఇది మీ విలేఖరి కంట ఎందుకు పడలేదో నాకు అర్థం కాలేదు. ఆ పార్కులోకి ఎవరు వెళ్లినా మొదట కనిపించేది స్టేషనే. కోట కాదు, మిక్కీ కాదు. ముందు పూలమొక్కలతో మిక్కీ ముఖం తీర్చిన మడి ఉంటుంది, దాని వెనుక మట్టికట్ట, కట్ట మీద గడియారం గోపురంతో ఎర్ర ఇటుకల స్టేషను. లోపలికి పోవాలంటే పట్టాల కింద ఉన్న రెండు సొరంగాల్లో ఏదో ఒకదానిగుండా పోవాలి. మన భాషలో చెప్పాలంటే రైల్వే అండర్ బ్రిడ్జి. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో బండి తోసుకుంటూ దాటే అండర్ బ్రిడ్జిలు చూసిన ప్రాణానికి, సినిమా హాలు వరండాలో లాగా లోపలి వినోదాల పోస్టర్లు వరసగా అంటించిన ఆ పొడి సొరంగం వింతగానే తోచింది. నేటిని వదిలి నిన్నటిలోకి, రేపటిలోకి, ఊహలోకి అడుగు పెడుతున్నారని సొరంగం నెత్తిన ఇత్తడి పలక ఒకటి చెబుతుంది. మట్టికట్ట పార్కు చుట్టూ తిరిగి ఉంది. బయటి రోడ్లు, హోటళ్లు లోపలివాళ్ల కంట పడకూడదని పోయించిన కట్ట అది. దాని మీదే రైలు నడుస్తుంది.

స్టేషనుకు ఊరి పేరు పలక ఉంది. దాని మీద జనాభా కోట్లలో వేశారు. ఇంతవరకు వచ్చిన సందర్శకులందరినీ ఆ ఊరి జనం కింద కట్టారట. దాని కింద ఎత్తు 138 అడుగులు అని ఉంది. అక్కడ ఆగిపోయాను. మన స్టేషన్లలో ప్లాట్‌ఫారం రెండు చివరలా పసుపు పలక మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అని నల్లక్షరాలతో రాసి ఉంటుంది కదా, రోజూ చూస్తూ ఎవరూ చదవరు. నేను చదువుతాను. వినోదాల పార్కులో బొమ్మ స్టేషను కడుతూ ఆ ఒక్క వరుస మరిచిపోకుండా రాయించినవాడెవడో అతను రైళ్లు తెలిసినవాడే అయి ఉండాలి.

తెలిసినవాడేనని తర్వాత తేలింది. వాల్ట్ డిస్నీ 1901లో పుట్టాడు. నాలుగైదేళ్ల వయసులో, 1906లో, కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ అనే చిన్న ఊరి పక్కన పొలంలోకి మారింది. శాంటా ఫే రైల్వే కంపెనీ తన లైను కోసం 1888లో వెలయించిన ఊరు అది. బంధువు ఒకాయన ఆ కంపెనీలోనే ఇంజను డ్రైవరు. పదిహేనేళ్లు దాటాక వేసవి సెలవుల్లో వాల్ట్ రైళ్లలో పత్రికలు, మిఠాయిలు, చల్లని పానీయాలు అమ్మాడు. పలాస స్టేషన్లో జీడిపప్పు పొట్లాలు అమ్మే కుర్రాళ్లు కదిలే బండిలోంచి ఎలా దిగుతారో నేను చూడని రోజు లేదు. ఆ పని చేసిన మనిషి డబ్బు రాగానే ఇంటి పెరట్లో బుల్లి ఆవిరి రైలు నడుపుకున్నాడు, ఆ తర్వాత 1955 జూలై 17న ఈ పార్కు తెరిచాడు. మార్సెలీన్‌లో ఉన్నది నాలుగైదేళ్లే. గేటు దాటగానే ఉన్న ఆ వీధి ఆ ఊరి పెద్ద వీధి జ్ఞాపకంతో కట్టినదే. పార్కు రూపురేఖలు గీసినవారిలో ఒకాయన తన సొంత ఊరు, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ భవనాలను కూడా అందులో కలిపాడు. కాలం 1890కీ 1910కీ మధ్య. గుర్రాలు ఇంకా పోలేదు, మోటార్లు అప్పుడే వస్తున్నాయి, గ్యాసు దీపాల పక్కన కరెంటు దీపం వెలుగుతోంది.

రైలు విషయం కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి. మా టెక్కలి మీదుగా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న బండి మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. నా మొదటి పోస్టింగు ఆ లైన్లోనే. బండి ఎంత నెమ్మదిగా పోయేదంటే, ఎత్తు ఎక్కేటప్పుడు దిగి మొక్కజొన్న కంకి విరుచుకుని మళ్లీ ఎక్కేవాళ్లని ఒక కథ ఉండేది. కథే కావచ్చు, కంకులు విరిచినవాళ్లు మాత్రం నాకు తెలుసు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, తర్వాత పెద్ద లైను వచ్చింది. పెద్ద లైను రావలసిందే, మా ఊరివాళ్లు దాని కోసం ఎన్ని అర్జీలు పెట్టారో నేనే సాక్షిని. డిస్నీల్యాండ్ లైనుకు పట్టాల మధ్య మూడడుగులు. అంటే మాకంటే అరడుగు పెద్దది. పిల్లల బొమ్మ రైలని వెళ్లిన నాకు ఈ సంగతి తెలిసి కాస్త పౌరుషం వచ్చింది.

ఆ రోజు వచ్చిన ఇంజను నంబరు 3. 1894లో బాల్డ్విన్ కంపెనీ చేసింది. లూసియానాలో చెరకు మోసి మోసి ఇక్కడికి చేరిందట. మా లైను కంటే ఆరేళ్లు పెద్ద, ఇంకా డ్యూటీలో ఉంది. నిజమైన ఆవిరి ఇంజనే. బొగ్గు కాదు. వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనం కాలుస్తారని అల్లుడు చెప్పాడు. డ్రైవరు నీళ్ల గొట్టం పట్టుకుని నింపుతుంటే పక్కన నిలబడి చూశాను. ఇత్తడి గంట తుడిచి తుడిచి ఎలా మెరుస్తోందంటే, మా రోజుల్లో జనరల్ మేనేజరు తనిఖీకి వస్తున్నాడంటే తప్ప ఆ మెరుపు చూడలేదు. నేను ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేశానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి నాకు సలాం చేశాడు. అమెరికాలో ఆరు నెలలున్నాను, నన్ను ఫలానావాళ్ల నాన్నగా కాక స్టేషన్ మాస్టరుగా చూసినవాడు ఆయన ఒక్కడే.

బండి పార్కు చుట్టూ తిరిగేటప్పుడు న్యూ ఆర్లీన్స్ అనే స్టేషన్లో ఆగింది. అక్కడ తంతి మీట టకటకమని కొట్టుకుంటోంది. ఒళ్లు జలదరించింది. శిక్షణలో మాకు మోర్స్ అనే తంతి లిపి నేర్పారు, చేతివేళ్లు ఇంకా మరిచిపోలేదు. చెవి పెట్టి విన్నాను. ఒక అక్షరం దొరుకుతుంది, తర్వాతది తప్పుతుంది. వయసు మీద పడి మరిచిపోయానేమో అని బెంగ పట్టుకుంది. ఇంటికి వెళ్లాక మనవడు వెతికి చెప్పాడు: అది పాత అమెరికన్ రైల్వే మోర్స్, మనం నేర్చింది తర్వాత ఐరోపాలో సరిచేసినది. సి, ఓ, ఆర్ లాంటి అక్షరాలకు గుర్తులే వేరు. 1955లో పార్కు తెరిచిన రోజు డిస్నీ చదివిన మాటల్లో మొదటి వాక్యాలను ఆ తంతి ఇప్పటికీ కొడుతూనే ఉంటుందట. నా జ్ఞాపకం చెడలేదని తేలాక ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇక వీధి. ఎడమ వైపు ఊరి కార్యాలయం, దాని పక్కన అగ్నిమాపక కేంద్రం. కుడి వైపు ఒపేరా హౌసు. మధ్యలో జెండా కొయ్య. అక్కడి నుంచి రెండు వైపులా రంగురంగుల మేడల వరస కోట వైపు సాగిపోతుంది. ఊరి కార్యాలయంలో అడిగితే గుండ్రని బిళ్ల ఉచితంగా ఇస్తారు. మొదటిసారి వచ్చాను అని దాని మీద రాసి ఉంటుంది. ఆ రోజు మా జేబులోంచి పైసా తీయకుండా దొరికిన ఏకైక వస్తువు అదే కనుక చొక్కాకు పెట్టుకున్నాను. దాన్ని చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరించి శుభాకాంక్షలు చెబుతారు. అగ్నిమాపక కేంద్రంలో పాతకాలపు గుర్రపు బండి, నీళ్ల గొట్టాలు చుట్టినది, ఉంది. పైన చిన్న గది. పార్కు కట్టేటప్పుడు, ఆ తర్వాత కూడా, వాల్ట్ డిస్నీ అక్కడ ఉండేవాడు. ఆయన 1966 డిసెంబరులో పోయాడు. ఆ గది కిటికీలో ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంచుతారు. పగలు కూడా. మా ఆవిడకు ఫోనులో చూపిస్తే, "అఖండ దీపం పెట్టారన్నమాట" అంది, మరో వివరణ అడగలేదు.

మేడల సంగతి మా అల్లుడు చెబితే గానీ తెలియలేదు. కింది అంతస్తు దాదాపు మామూలు కొలతే, పైకి పోయేకొద్దీ అంతస్తు కొలత తగ్గించి కట్టారు. కింద నిలబడినవాడికి మేడ ఉన్నదాని కంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఇది చెప్పి అల్లుడు నా ముఖంలోకి చూశాడు, ఆశ్చర్యపోతానని. మన గుడి గోపురంలో ఒక్కో అంతస్తు పైకి పోయేకొద్దీ తగ్గుతూ పోతుంది కదా బాబూ అన్నాను. తర్వాత అతని ఉత్సాహం చల్లార్చానేమోనని, కిటికీలు బాగున్నాయని మెచ్చుకున్నాను.

మెచ్చుకోవలసినవే. తల పైకెత్తి ఆ పై కిటికీల అద్దాల మీద రాతలు చదవండి. ఫలానా వారు, ఫలానా వ్యాపారం, ఫలానా సంవత్సరంలో స్థాపితం అని బంగారు రంగులో ఉంటాయి. పై అంతస్తుల్లో అలాంటి వ్యాపారాలేమీ లేవు. అవి ఆ పార్కును గీసినవాళ్ల, కట్టినవాళ్ల, నడిపినవాళ్ల పేర్లు. వాళ్ల పనికి తగ్గట్టు ఒక ఉత్తుత్తి దుకాణం కల్పించి కిటికీ ఇచ్చారు. వాటిలో ఒకటి ఎలియాస్ డిస్నీ, కాంట్రాక్టరు, 1895. వాల్ట్ తండ్రి. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు వడ్రంగి పని చేసినవాడు, చాలా పనులు పట్టి ఏదీ గట్టిగా నిలబెట్టుకోలేకపోయినవాడు. కొడుకు ఆయనకు ఆ వీధిలో ఒక కిటికీ పెట్టి కాంట్రాక్టరును చేశాడు. మన దగ్గర గుడి ట్యూబులైటు మీద, బడి ఫ్యాను రెక్క మీద దాత పేరు ఉంటుంది. స్టేషను శిలాఫలకం మీద ఎవరి పేర్లుంటాయో రాయనక్కరలేదు. నేను పనిచేసిన ఒక స్టేషన్లో ప్లాట్‌ఫారం రాళ్లు పరిచిన మేస్త్రీ చివరి రోజు సిమెంటు ఆరకముందే ఒక మూల వేలితో తన పేరులో మొదటి అక్షరం గీసి వెళ్లాడు. దాన్ని చెరిపించమని పైనుంచి వచ్చిన మనిషి చెప్పాడు. నేను చెరిపించలేదు. ఆ కిటికీల కింద నిలబడినప్పుడు ఆ అక్షరం గుర్తుకొచ్చింది.

నా మనసుకు అన్నిటికంటే నచ్చినది ఒక గోడ ఫోను. వీధిలో పాత కిరాణా కొట్టు వేషంలో ఇప్పుడొక కాఫీ దుకాణం ఉంది. కాఫీ కోసం జనం వరసలో నిలబడి ఉంటారు కాబట్టి గోడ వైపు ఎవరూ చూడరు. అక్కడ చెక్క పెట్టె ఫోను ఉంది. చెవి గొట్టం తీసి పెట్టుకుంటే ఎవరో మాట్లాడుకుంటుంటారు. మన కోసం కాదు, వాళ్లలో వాళ్లు. ఒకప్పుడు నాలుగైదు ఇళ్లకు ఒకే తీగ ఉండేది, ఎవరు ఫోను ఎత్తినా అందరి మాటలూ అందరికీ వినిపించేవి, అదీ సంగతి. నాకు నవ్వాగలేదు. బండ్లను నడిపించే కంట్రోలరు స్టేషన్లతో మాట్లాడే మా సెక్షన్ కంట్రోలు ఫోను సరిగ్గా ఇదే. ఒకే తీగ మీద అన్ని స్టేషన్లూ. కంట్రోలరు ఒకరిని తిడుతుంటే మిగతావాళ్లందరూ ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. ఫలానా స్టేషన్ మాస్టరు కూతురికి సంబంధం కుదిరిందన్న కబురు ఊళ్లోవాళ్లకంటే ముందు లైన్లో పదిమందికి తెలిసేది. ఆ అమెరికా ఆడవాళ్ల యాస నాకు సగమే అర్థమైంది. అయినా రెండోసారి, మూడోసారి ఎత్తి విన్నాను. ఇంకొకరి మాటలు దొంగచాటుగా వినడంలో ఉన్న సుఖానికి భాష అడ్డు రాదు.

వీధి మధ్యలో పట్టాల మీద గుర్రపు ట్రాము నడుస్తుంది. మా చిన్నప్పటి జట్కా గుర్రాల్లాంటివి కావు, ఒక్కోటి ఏనుగు గున్నంత ఉంది. గట్టి రోడ్డు మీద కాలు నొప్పి పుట్టకుండా లాడాలకు మెత్తటి పూత వేస్తారట. నా బెంచీకి పది గజాల దూరంలో ఒక గుర్రం తన పని కానిచ్చింది. నేను ఫోను తీసి టైము చూశాను. నిమిషం గడవకముందే తెల్ల బట్టల కుర్రాడు చీపురు, మూతచేటతో వచ్చి తుడిచేశాడు. ఆ పక్కనే ఉన్న మిఠాయి కొట్టు నుంచి వెనీలా వాసన వస్తూనే ఉంది. ఆ వాసనను కావాలనే వీధిలోకి వదులుతారని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

ఇక్కడే నా పేచీ. మీ విలేఖరి పేచీ కంటే వేరు. వీధిలో దుకాణాలు తప్ప ఏమీ లేవన్నది నిజంలో సగం. బయట నుంచి ఐదారు దుకాణాలుగా కనిపించేవి లోపల గోడలు లేని ఒకే పెద్ద దుకాణం. ఒక గుమ్మంలో దూరితే మూడో గుమ్మంలో తేలతారు, చేతిలో సంచీతో. అమెరికాలో క్షౌరశాల పాటలని పేరున్న బృందగానాన్ని నలుగురు చారల కోటు మనుషులు అద్భుతంగా పాడారు, క్షౌరశాల మాత్రం నాకు కనబడలేదు. గుడి లేదు, బడి లేదు. మొదట్లో అసలైన బ్యాంకు ఒకటి నిజంగానే పనిచేసేదట, 1993లో అదీ పోయింది. ఆడవాళ్ల లోదుస్తుల కొట్టు కూడా ఒకటి ఉండి, ఆరు నెలలకే కట్టేశారట. ఊరన్నాక అవన్నీ ఉండాలి కదా.

ఇంకొకటి. 1900 ప్రాంతంలో మిస్సోరీలో నల్లవారి పిల్లలకు వేరే బడి. ఏ కొట్లోకి పోవచ్చు, ఎక్కడ కూర్చోవచ్చు అన్నదానికి లెక్కలుండేవి. ఆ లెక్కల ఆనవాలు ఈ వీధిలో ఎక్కడా లేదు. అందరం ఒకే బెంచీల మీద కూర్చున్నాం, నా పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ మనవరాలి టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలా ఉండటమే బాగుంది. అయినా మా తాత ఊరి వీధిలో ఎవరు చెప్పులు చేతపట్టుకుని నడిచేవారో నాకు తెలుసు కనుక, గుర్రం పేడలాగే ఇంకేవో కూడా తుడిచేశారని తోచింది. ఆవిడకు ఏమని తోచిందో అడగలేదు.

మధ్యాహ్నం ఎండకు ఒపేరా హౌసు వరండాలోకి వెళ్లాను. అక్కడ ఒక పాత బెంచీని జాగ్రత్తగా పెట్టారు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన మామూలు పార్కు బెంచీ. లాస్ ఏంజెలిస్ గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం దగ్గర ఉండేదట. సెలవు రోజుల్లో వాల్ట్ డిస్నీ ఇద్దరు కూతుళ్లను రాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద పల్లీలు నములుతూ కూర్చునేవాడు. పిల్లలకు రాట్నం, పెద్దవాళ్లకు కూర్చోవడం తప్ప పని లేదు, ఇద్దరూ కలిసి తిరిగే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అక్కడ పుట్టిందని ఆయనే చెప్పుకునేవాడు. సంపాదకుల వారూ, మీ విలేఖరికి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ పార్కు మొత్తం పిల్లలు ఆడుకుంటుంటే బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రికి తట్టినది. మాలాంటివాళ్లం కూర్చోవడానికి ఆయన ఒక వీధి కట్టి ఇస్తే, అక్కడ ఆగవద్దని మీరు రాస్తున్నారు.

టోక్యోలో 1983లో ఇలాంటి పార్కే కడుతూ, అక్కడ వానలెక్కువని ఈ వీధికి పూర్తిగా అద్దాల పైకప్పు వేశారు. పారిస్‌లో చలికి, మేడల వెనుక రెండు వైపులా కప్పున్న నడవలు వేశారు. మన వినోదాల పార్కుల గుమ్మాల్లో ప్లాస్టరు సింహాలు, రోము స్తంభాలు చూస్తుంటాను. ఏప్రిల్ మధ్యాహ్నం టికెట్ వరసలో నిలబడినవాడి నెత్తి మీద ఏముందో కూడా చూస్తుంటాను. సింహాల బదులు ఒక చిన్న లైను స్టేషను పెట్టవచ్చు. చెక్క బల్ల, కిరసనాయిలు చేతిదీపం, మందపాటి అట్ట టికెట్ మీద తారీఖు గుద్దే ఇనుప యంత్రం, పిల్లవాడు ఎత్తి వినగలిగిన ఒక కంట్రోలు ఫోను. ఆ యంత్రం చేసే చప్పుడు నేను నోటితో చేసి చూపిస్తే మా మనవడు పది సార్లు చేయించుకున్నాడు. మా చిన్న లైను సామాన్లు చాలావరకు తూకం మీద పోయాయి. డిస్నీ మనుషులు బాల్టిమోర్ నగరం పీకేసిన పాత గ్యాసు దీపస్తంభాలను తుక్కు కిందే కొన్నారు. ఆ వీధిలో ఇప్పుడు వెలుగుతున్నవి అవే.

సాయంత్రం జెండా దించే వేళ చిన్న వాద్యబృందం వచ్చింది. సైన్యంలో పనిచేసినవాళ్లను ముందుకు రమ్మన్నారు. చక్రాల కుర్చీలో ఒక ముసలాయన టోపీ సర్దుకుంటూ వెళ్లాడు. మావాళ్లు వచ్చి నన్ను వెతికేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను. "తాతయ్యా, మీరు ఎన్ని రైడ్లు ఎక్కారు?" అని మనవడు అడిగాడు. ఒకటి అన్నాను. పాపం అన్నట్టు చూశాడు.

తర్వాతి వేసవికి ఆ వ్యాసం మళ్లీ వేస్తే, మా వయసువాళ్ల కోసం ఈ వివరాలు చేర్చండి. ఆ వీధి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది, కోట ఉత్తరాన. కాబట్టి ఉదయం పూట నీడ కుడి చేతి వైపు, ఒపేరా హౌసు పక్కన ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఎడమ వైపు, అగ్నిమాపక కేంద్రం ప్రక్కకు మారాలి. మరీ ఎండగా ఉంటే రైలెక్కి ఒక చుట్టు తిరిగి రండి, దానికి వేరే టికెట్ లేదు. ఇంజను దగ్గరి పెట్టె ఎక్కితే నూనె వాసన వస్తుంది, నాకది ఇష్టమే, మీ ఇష్టం. అగ్నిమాపక కేంద్రం పక్కన కూర్చుంటే నీడ బాగుంటుంది కానీ పై కిటికీలోని దీపం కనబడదు. దానికోసం లేచి మళ్లీ ఇవతలి వైపుకు రావలసిందే.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.